డ్రోన్ కొనిస్తే సరిపోతుందా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆహార పొట్లాలు మోసిన డ్రోన్లను మనమంతా టీవీల్లో చూసి ముచ్చటపడ్డాం. నా ప్రశ్న వేరు. అవే డ్రోన్లు వరదకు ముందే ఎగిరి, ఆ చిత్రాలతో బస్తీవాసులే తమ పటం గీసుకుని ఉంటే?

టాంజానియాలోని దార్ ఎస్ సలాం నగరం ఆ పని చేసి చూపింది. 2015లో అక్కడ మొదలైన 'రమానీ హురియా' ప్రాజెక్టులో విద్యార్థులు, స్థానికులు కలిసి వరద వాడల పటాలు తయారుచేశారు. ఇళ్లు, దారులు డ్రోన్ చిత్రాల్లో కనిపించాయి. కాలువలు, నీళ్లు నిలిచే చోట్ల వివరాలు మాత్రం వీధి వీధీ తిరిగి సేకరించారు. పటాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉంచారు. ఎవరైనా వాడుకోవచ్చు, తప్పులుంటే దిద్దవచ్చు.

మన దేశంలోనూ 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద గ్రామాల్లో ఇళ్ల స్థలాలను డ్రోన్లతో సర్వే చేస్తున్నారు. మంచిదే. ప్రజాధనంతో తీసే ఇలాంటి చిత్రాలను, యజమానుల వివరాలు బయటపెట్టకుండా, అందరూ వాడుకునేలా విడుదల చేయాలని నా వాదన. పెరట్లో ఏముందో ఎంతవరకు కనిపించాలన్నది ఊరివాళ్లే తేల్చుకోవాలి.

ఇక మన సంగతి. ఇక్కడ కూర్చుని మనం కంప్యూటర్ మీద ఇంటి కప్పులు గీయగలం. ఏ తూము పూడిందో చెప్పలేం. అది అక్కడివాళ్లకే తెలుసు. ఊరికి డ్రోన్ కొనిద్దామంటే చందాలు ఇట్టే పోగవుతాయి. ఊళ్లో పదిమందికి పటం గీయడం నేర్పిద్దామంటే జేబులో చెయ్యి పెట్టేదెందరు?