చివర్లో సందేశం ఎందుకు?

ఈ మధ్య మన పాఠశాలల్లో షార్ట్ ఫిల్మ్ పోటీ లేని సంవత్సరం కనిపించడం లేదు. నీటి పొదుపు, పరిశుభ్రత, మొబైల్ వ్యసనం, రోడ్డు భద్రత... అంశం ఏదైనా సినిమా మాత్రం దాదాపు ఒకటే. ఒక అబ్బాయి కుళాయి కట్టేయకుండా వెళ్ళిపోతాడు. వెనక వయొలిన్ ఏడుస్తుంది. ఆ రాత్రి అతనికి కలలో ఎండిపోయిన చెరువు కనిపిస్తుంది. ఉలిక్కిపడి లేచి, పరుగెత్తుకెళ్ళి కుళాయి కట్టేస్తాడు. తెర నల్లబడుతుంది, తెల్లని అక్షరాల్లో సందేశం వస్తుంది, చప్పట్లు మోగుతాయి. న్యాయనిర్ణేతల కుర్చీల్లో కూర్చుని ఇలాంటివి మేము చాలానే చూశాం. వాటిని తీసిన పిల్లల కష్టాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ చివర రాయబోయే వాక్యం ముందే తేల్చుకుని తీసిన సినిమా వల్ల విద్యార్థి నేర్చుకునేది చాలా తక్కువని మా అభిప్రాయం. ఆ వాక్యానికి బొమ్మలు అతికించడమే అక్కడ జరిగే పని. దానికి చార్టు పేపరు చాలు.

కెమెరా సంగతులు త్వరగానే వస్తాయి. ఫోను అడ్డంగా పట్టుకోవాలి. స్టాండు లేకపోతే నాలుగు పాఠ్యపుస్తకాలు దొంతర పెట్టి, స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టవచ్చు. జూమ్ చేసే బదులు మనమే నాలుగడుగులు ముందుకు నడవాలి. మనిషి ముఖం కిటికీ వైపు ఉండాలి, వీపు కాదు. పని మొదలయ్యే ముందు ఐదు సెకన్లు, అయిపోయాక ఐదు సెకన్లు కెమెరా ఆపకుండా ఉంచాలి. లేకపోతే ఎడిటింగ్‌లో కత్తిరించడానికి చోటే మిగలదు. ఇవన్నీ ఒక ఆదివారం పని.

కష్టమంతా ఎడిటింగ్‌లో ఉంది. సుమారు వందేళ్ళ క్రితం రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖాన్ని తీసుకుని, ఒకచోట సూపు గిన్నె పక్కన, ఇంకొకచోట శవపేటిక పక్కన అతికించాడు. ముఖం అదే. చూసినవాళ్ళకు మాత్రం మొదటిసారి ఆకలి, రెండోసారి దుఃఖం కనిపించాయని చెబుతారు. రెండు షాట్‌ల మధ్య ఉన్న అర్థం తెర మీద లేదు, చూసేవాడి మనసులో ఉంది. అది చూసేవాడు తనంతట తాను కట్టుకోవాల్సిన అర్థం. చివర తెల్ల అక్షరాలు వేస్తే ఆ పని అతని చేతిలోంచి లాక్కున్నట్టే.

మేము ఒడిశాలోని ఒక రైల్వే పట్టణంలో పనిచేస్తున్నప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన నానమ్మ మీద సినిమా తీసింది. వాళ్ళ నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఇల్లంతా అట్టపెట్టెలు. నానమ్మ శ్రీకాకుళం వైపు మనిషి. ఆమె ఆవకాయ జాడీని ప్రయాణానికి సిద్ధం చేయడమే సినిమా మొత్తం. పాత నేతచీర చింపి మూతికి వాసెన కట్టడం, గోనెసంచిలో గడ్డి పరచడం, జాడీని అందులో కూర్చోబెట్టడం, నాలుగు పక్కలా తలగడలు దూర్చడం. అమ్మాయి ఎదురుగా ఫోను పెట్టి "నానమ్మా, ఈ జాడీ కథ చెప్పు" అంటే ఆమె "ఏటి సెప్పమంతావే, జాడీకేటి కత ఉంటాది" అని, పదకొండు నిమిషాలు చెప్పింది.

పదకొండు నిమిషాలను మూడు నిమిషాలకు తేవాలి. ఏది ఉంచాలి? మొదట ఆ అమ్మాయి పెళ్ళి కబుర్లు, తాతగారి ఉద్యోగం, పంటలు పోయిన ఏడాది, అన్నీ ఉంచింది. చూస్తే ముద్ద ముద్దగా ఉంది. తర్వాత ఒక్కొక్కటీ తీసేసింది. తాతగారి సంగతి తీసేయడానికి రెండు రోజులు మథనపడింది. ఆ మాటలు బాగుండక కాదు, బాగున్నా ఈ సినిమావి కావు కాబట్టి. ప్రతి బదిలీకీ ఏ బొమ్మ లారీ ఎక్కాలో, ఏది పక్కింటి పాపకు ఇచ్చేయాలో తేల్చుకున్న పిల్లలు మీరు. ఈ పని మీకు కొత్త కాదు.

ఆ సినిమా చివర ఆ అమ్మాయి "పెద్దలను గౌరవిద్దాం" అని వేసింది. వేసినదీ వేయనిదీ రెండూ తరగతిలో చూపించమన్నాం. వేసినది చూసి అందరూ చప్పట్లు కొట్టారు. వేయనిది చూశాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు: "జాడీ పగలకుండా చేరిందా?" అంతకన్నా పెద్ద బహుమతి ఏ పోటీలోనూ ఇవ్వరు.

శబ్దం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లలు దాన్ని పూర్తిగా వదిలేస్తున్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన సంగీతం మొదటి నుంచి చివరి దాకా పరిచేసి అయిపోయిందంటారు. 'శంకరాభరణం' తీసిన కె. విశ్వనాథ్ గారు సినిమాల్లో మొదలైంది మద్రాసు వాహినీ స్టూడియోలో, సౌండ్ విభాగంలోనే. వినడం నేర్చుకున్నాక దర్శకత్వం. ఫోనులో మైకు దూరం మాటను సరిగా పట్టదు. కాబట్టి ఇంకో ఫోనును మాట్లాడే మనిషి దగ్గర, చెంగులోనో జేబులోనో ఉంచి విడిగా రికార్డు చేయాలి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత మాటనూ బొమ్మనూ కలపడం తేలిక. మనుషులు మాట్లాడటం ఆపేశాక అర నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా పట్టాలి. నిశ్శబ్దం అన్ని ఇళ్ళలో ఒకటి కాదు. కొచ్చి క్వార్టర్లలో ఒకలా, జోధ్‌పూర్ క్వార్టర్లలో ఒకలా ఉంటుంది. ఇన్ని ఊళ్ళు మారిన వాళ్ళం కాబట్టి అది మనకే బాగా వినిపిస్తుంది. జాడీ సినిమాలో నానమ్మ ముఖం కనపడక ముందే ఆమె గొంతు వస్తుంది, చేతులు మాత్రం గుడ్డ చింపుతుంటాయి. మాట ముందు, మనిషి తర్వాత. ఈ చిన్న చిట్కాతో బిడ్డల చేతి సినిమాకు కూడా కుదురు వస్తుంది.

ఇక మాది తెలుగు చెప్పే ఉద్యోగం కనుక ఇంకొకటి. ఆ అమ్మాయి తెలుగు కూడబలుక్కుని చదివేది, రాయడమంటే భయం. కత్తిరించాల్సిన చోటు వెతుకుతూ నానమ్మ వాక్యాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నదో లెక్కలేదు. అక్షరాల్లో మాటలు కింద వేయాల్సి వచ్చినప్పుడు మా దగ్గరకు వచ్చి "మేడమ్, 'చెప్పమంటావు' అని సరిచేసి రాయాలా?" అంది. విన్నది విన్నట్టు రాయమన్నాం. 'సెప్పమంతావు' అని కీబోర్డులో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. 'వాసెన' అనే మాట ఆ వారమే నేర్చుకుంది. ఏడాదంతా మేము చెప్పిన వ్యాకరణం చేయలేని పని అది. మనలాంటి ఇళ్ళలో ఆఫీసుకు హిందీ, బడికి ఇంగ్లీషు పోగా తెలుగు మిగిలేది వంటింట్లో, ఫోనులో ఊరి వాళ్ళతో. ఆ తెలుగును శ్రద్ధగా వినే అవకాశం మన పిల్లలకు ఇంకెక్కడా దొరకడం లేదు. పోటీల సినిమాల్లో పాత్రలు మాట్లాడేది మాత్రం టీవీ సీరియల్ తెలుగు.

తోటి ఉపాధ్యాయులు కొందరు ఒప్పుకోరు. సందేశం లేని సినిమాకు మార్కులు ఏ ప్రాతిపదికన వేస్తామంటారు. న్యాయమైన ప్రశ్నే. శబ్దం స్పష్టంగా ఉందా, తీసేయాల్సింది తీసేశారా, చూసినవాళ్ళు ఏం అడిగారు, ఈ మూడింటికీ మార్కులు వేయవచ్చు. బోర్డు పరీక్షల ఏడాదిలో ఇదంతా ఎవరు చేస్తారంటే, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళు చేస్తారు. బడిలోకి ఫోను తేకూడదనే నియమం మంచిదే. ఇంట్లో పెద్దల ఫోనులో తీసుకుని, బడి కంప్యూటర్ ల్యాబులో కూర్చుని కత్తిరించవచ్చు. పర్యావరణం మీద సినిమాలు వద్దని కాదు. మీ కాలనీ ట్యాంకరు దగ్గర బిందెల వరసను మూడు నిమిషాలు సరిగ్గా చూపించండి, నీటి సంగతి దానంతటదే అర్థమవుతుంది.

'పథేర్ పాంచాలి' కోసం సత్యజిత్ రాయ్ 1952లో అక్కాతమ్ముళ్ళ దృశ్యాన్ని రెల్లు పూసిన పొలంలో ఒకరోజు తీశారు. మిగతాది తీద్దామని వారం తర్వాత వెళితే పశువులు ఆ రెల్లు మేసేశాయి. మళ్ళీ పూసేదాకా, అంటే తర్వాతి ఏడాది దాకా ఆగి పూర్తిచేశారు. సినిమా 1955లో వచ్చింది. మనకు ఆ వెసులుబాటు లేదు. వచ్చే ఏడాది అదే కాలనీలో, అదే కిటికీ ముందు ఉంటామో లేదో ఉత్తర్వు వస్తే గాని తెలియదు. అందుకే దసరా సెలవుల దాకా వాయిదా వేయకండి.

రెండు జాగ్రత్తలు. కంటోన్మెంటులోనో రక్షణ సంస్థల ప్రాంగణంలోనో ఉండే పిల్లలు గేట్లు, వాహనాలు, కార్యాలయాల వైపు కెమెరా తిప్పకూడదు. రైల్వే స్టేషన్లో తీయాలన్నా ముందు నాన్నగారినో అమ్మనో అడిగి అనుమతి తీసుకోవాలి. ఇంట్లోనైనా సరే, ఎవరిని తీస్తున్నామో వాళ్ళకు చెప్పి, తీసింది చూపించి, వద్దన్న ముక్క తీసేయాలి. ఇక సామాను సర్దేటప్పుడు ఫోన్లు మారతాయి, పాత ల్యాప్‌టాప్ ఎవరికో ఇచ్చేస్తారు. కత్తిరించి పక్కన పడేసిన ముక్కలతో సహా అంతా రెండు చోట్ల దాచుకోండి. ఫైలు పేరులో తేదీతో పాటు ఊరి పేరు కూడా వేయండి.