బాతు నూగూ, అత్తగారి గొంగళీ

మా విశాఖపట్నంలో కోటు తొడుక్కున్న మనిషి ఎదురైతే ఆయన పెళ్ళికొడుకైనా అయి ఉండాలి, పొరుగూరి నుంచి రైలు దిగిన కొత్తవాడైనా అయి ఉండాలి. ధనుర్మాసంలో కూడా ఫాను ఆపబుద్ధి కాని ఊరు మాది. అటువంటి ఊళ్ళో, అందునా తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నా ఇంట్లో, ఈ యేడు చలికోటు గురించి పెద్ద రగడ జరిగిందంటే పాఠకులు నమ్మాలి.

మా అమ్మాయి డిగ్రీ రెండో యేడు చదువుతోంది. వచ్చే మే నెలలో స్నేహితురాళ్ళతో కలిసి హిమాలయాలకు పోయి కొండలెక్కుతానంది. "ఆడపిల్లవి, అంత చలిలో..." అని వాళ్ళమ్మ మొదలుపెట్టిందో లేదో, జవాబు సిద్ధంగా ఉంది. "నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళ పదకొండు నెలలు. నాకు పందొమ్మిది నిండాయమ్మా!" అంది. ఆ లెక్క ముందు మా ఆవిడ నోరు మూతపడింది. నాది ఎప్పుడూ తెరిచి ఉండలేదు కనుక దాని సంగతి అక్కరలేదు.

ఇక కోటు కొనాలి. దుకాణంలో కుర్రవాడు రెండు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి దూది పింజలా తేలిపోతోంది. మడిచి గుప్పిట్లో నొక్కితే చెంబంత అయింది. "ఇది డౌనండి" అన్నాడు. ధర చూస్తే మాత్రం బాగా పైకే ఉంది. రెండోది కాస్త బరువు, ధర అందులో సగం. "ఇది సింథటిక్కండి, పాలియెస్టరు పోగులు కూరింది" అన్నాడు. కన్నకూతురి ప్రాణం దగ్గర పిసినారితనమేమిటని, గుండె రాయి చేసుకుని మొదటిదే కొన్నాను. ఖరీదైనదే మంచిదన్న నమ్మకం మధ్యతరగతి తండ్రికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

డౌన్ అంటే ఈకలు కావు. ఈకకు కాడ ఉంటుంది. బాతుకూ, పెద్దబాతుకూ పై ఈకల కింద, పొట్టనంటుకుని, కాడ లేని మెత్తటి పింజ ఒకటి ఉంటుంది. అదీ డౌను. మనకు దానికి చక్కని మాట ఉంది: నూగు. కుర్రవాడి పెదవి మీద మొలిచే నూగుమీసంలో ఉన్నది ఆ మాటే. కోటు తనంత తాను వెచ్చదనం పుట్టించదు. వేడి మన ఒంటిది. నూగు చేసేదల్లా తన పోగుల మధ్య గాలిని కదలకుండా పట్టి ఉంచడం. కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. కోటు మీద 600 అనో 800 అనో వేసే అంకె ఆ పొంగు లెక్క. ఔన్సు నూగు, అంటే సుమారు 28 గ్రాములు, ఎన్ని ఘనపుటంగుళాలు పొంగుతుందో అది చెబుతుంది. అంకె పెరిగిన కొద్దీ తక్కువ బరువుతో ఎక్కువ వెచ్చదనం.

1922లో జార్జి ఫించ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బెలూను గుడ్డలో నూగు కూర్చి కుట్టించిన కోటు తొడుక్కుని ఎవరెస్టుకు వెళితే, ఉన్నీ గబర్డీనూ తొడుక్కున్న తోటివాళ్ళు నవ్వారట. ఆ యేడే ఆయన 8,300 మీటర్ల దాకా ఎక్కాడు. చలి ముదిరాక నవ్వు ఆగిపోయింది.

ఇంత చదివి, నేను కొన్న కోటు మీద నాకు గౌరవం పెరిగింది. దాన్ని పరీక్షించడానికి డిసెంబరులో అందరం నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్ళాం. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున, చింతపల్లి అడవుల్లో ఉన్న పల్లె అది. దానికే కొర్రబయలని మరో పేరు. రాత్రి ఆరుబయట ఉన్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగిసిపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. మా మేనల్లుడు కూడా వెంట వచ్చాడు. వాడిది పాత పాలియెస్టరు కోటు. దారి పొడుగునా మా అమ్మాయి వాళ్ళ బావ కోటును వెక్కిరిస్తూనే ఉంది.

మబ్బుల సముద్రం చూడాలని తెల్లవారుజామున చెరువులవేనం కొండకు బయలుదేరాం. పొగమంచు అంటే పొగ కాదు, సన్నని వాన. చెట్ల నుంచి చినుకులు రాలుతున్నాయి. పిల్ల కొత్త కోటు బిగించుకుని ఉత్సాహంగా ఎక్కింది. బయట మంచు, లోపల చెమట. పైకి చేరి కూర్చున్న పావుగంటకు గాలి తగిలింది. చూద్దును కదా, దాని పెదవులు వణుకుతున్నాయి. కోటు జిప్పు పైకి లాక్కుందామంటే వేళ్ళు మాట వినడం లేదు. పొద్దున పొంగిన పూరీలా ఉన్న కోటు చల్లారిన అప్పడంలా ఒంటికి అతుక్కుపోయింది. "చలి లేదు నాన్నా" అంటోంది, పళ్ళు టకటకలాడుతుండగా.

"మావయ్యా, ముందు ఆ కోటు విప్పించండి" అంటూ మేనల్లుడు తన కోటు విప్పి దానికి తొడిగాడు. అదీ తడిసిందే. అయినా లోపల వెచ్చగా ఉంది. వాడు తన దుప్పటి కప్పుకున్నాడు. కిందికి దిగి వేడి టీ రెండు గ్లాసులు తాగాక గానీ పిల్ల మొహంలోకి రంగు రాలేదు. ఆ కాసేపూ మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చి సంగతి చెబితే, మా అత్తగారు వత్తులు చేసుకుంటూ, "అంత చదువుకున్నారు, బూరుగు దూది సంగతి తెలీదా బాబూ?" అన్నారు. "బూరుగు దూది పరుపు ఎండలో పెడితే పొంగుతుంది. తడిస్తే ముద్దయిపోతుంది. మా ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళు వానలో పరుపులు కప్పుకున్నారా, గొంగళి కప్పుకున్నారు. గొంగళి తడిసినా వెచ్చనే" అన్నారు.

పుస్తకాలు నాలుగు పేజీల్లో చెప్పింది ఆవిడ నాలుగు ముక్కల్లో తేల్చేశారు. తడి తగిలితే నూగు ఉండ కడుతుంది. అందులోని గాలి పోతుంది, గాలితో వెచ్చదనమూ పోతుంది. ఆరడానికి గంటలు కాదు, రోజులు పట్టవచ్చు. పాలియెస్టరు పోగు నీళ్ళు పీల్చదు. తడిసినా కొంత పొంగు నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది. 1980లలో అమెరికా సైన్యం నూగుకు బదులు తడికి తట్టుకునేది కావాలంటే పుట్టిన ప్రిమాలాఫ్ట్ ఈ జాతిదే. దానికీ లోపముంది. బరువెక్కువ, మడిస్తే చోటెక్కువ, ఏళ్ళ తరబడి నొక్కి నొక్కి పెడితే పొంగు చచ్చిపోతుంది. నూగును పొడిగా చూసుకుంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

కనుక అడగవలసింది "ఎంత చలి?" అని కాదు, "ఎటువంటి చలి?" అని. ఎవరెస్టు పైన నీరన్నది గడ్డకట్టే ఉంటుంది. కోటు మీద పడ్డ మంచు దులిపితే రాలిపోతుంది. ఆ పొడి చలికి నూగే రాజు. అరకూ, లంబసింగీ, పడమటి కనుమలూ తడి చలి. ఇక్కడ పాలియెస్టరే మేలు. ఏ కోటైనా ఎక్కుతున్నప్పుడు తొడుక్కోకూడదు. చెమట కూడా నీళ్ళే. ఆగినప్పుడు తొడుక్కోవాలి. వాన వస్తే పైన వానకోటు ఉండాలి.

మా ఊరివాళ్ళకు మరొక మాట. నూగు కోటును సంచిలో కుక్కి బీరువాలో పెట్టకండి. ఈ సముద్రపు చెమ్మకు బూజు పడుతుంది. వదులైన నూలు సంచిలో వేలాడదీసి, అప్పుడప్పుడూ నీడలో గాలి తగలనివ్వండి.

చివరకు మా ఇంట తీర్పు ఇది. మే నెల ప్రయాణంలో నూగు కోటు నీళ్ళు చొరని సంచిలో ఉండి, రాత్రి గుడారంలో మాత్రమే బయటికి వస్తుంది. దారికి పాలియెస్టరు కోటు. దాన్ని మళ్ళీ కొనే స్తోమతు నాకు లేదు కనుక బావ కోటే అరువు. మొన్న చూస్తే మా అమ్మాయి దాన్ని ఎంతో శ్రద్ధగా ఉతికి ఆరవేస్తోంది. వెక్కిరింపు మాత్రం వినపడలేదు.