జీతంలో ఇంటి వాటా

“తీసుకున్నప్పుడు లేని బాధ కట్టేటప్పుడెందుకు? జీతమంతా జప్తు చేస్తేగానీ ఇలాంటివాళ్లు దారికి రారు.” చిట్టీల ఆఫీసుల్లోనే కాదు, తోటి ఉద్యోగుల మధ్య కూడా వినిపించే మాట ఇది. జీతానికి చట్టమిచ్చే రక్షణ ఎగవేతదారులకు కొమ్ముకాస్తోందన్నది దీని వెనకున్న నమ్మకం. అది తప్పు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు బాకీ డిక్రీ కింద జీతంలో మొదటి వెయ్యి రూపాయలనూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులనూ ముట్టుకోకూడదు. అదే భరణం డిక్రీ అయితే మూడింట రెండు వంతుల దాకా పట్టుకోవచ్చు. ఈ తేడాలోనే చట్టం ఉద్దేశం తెలుస్తుంది. అది కాపాడుతున్నది బాకీదారును కాదు, అతని మీద ఆధారపడినవాళ్లను. వాళ్లే కోర్టుకెక్కితే అతనికిచ్చిన రక్షణను సగానికి తగ్గించేస్తుంది.

ఎగ్గొట్టాలనుకున్నవాడు ఆస్తిని బినామీ పేర్ల మీదికి మారుస్తాడు. నెలజీతగాడికి ఆ వీలు లేదు. అతని సంపాదన జీతాల బిల్లులో అందరికీ కనబడుతూనే ఉంటుంది. చిట్టీ పాడుకున్నవాడు చేతులెత్తేస్తే ష్యూరిటీ సంతకం పెట్టిన టీచరు జీతానికే ముందు ఎసరొస్తుంది. ఒక్క రూపాయి వాడుకోని మనిషిని కూడా ఎగవేతదారు అనడం ఏం న్యాయం?

24 నెలలు పట్టుకున్నాక అదే డిక్రీ కింద జీతాన్ని మళ్లీ జప్తు చేయకూడదన్న నిబంధన మీదా కోపమే. కానీ అప్పు రద్దయిపోదు. జప్తుకు వీలున్న ఇతర ఆస్తి మీదికి వెళ్లే హక్కు అప్పిచ్చినవారికి ఉంటుంది. డబ్బు వసూలు డిక్రీని అమలు చేయించుకోవడానికి లిమిటేషన్ చట్టం 12 ఏళ్ల గడువిచ్చింది. ఇంతకన్నా ఏం కావాలి?

నిజానికి ఈ రక్షణ ఎక్కువ కాలేదు, చాలడం లేదు. 1999 సవరణతో 400 నుంచి పెరిగిన ఆ మొదటి మొత్తం, ఆ సవరణ అమల్లోకొచ్చిన 2002 నుంచి వెయ్యి దగ్గరే ఆగిపోయింది. జప్తు లెక్కకొచ్చే జీతం లక్ష అయితే 33 వేలు పోయి 67 వేలు మిగులుతాయి. 16 వేలైతే 5 వేలు పోయి 11 వేలే మిగులుతాయి. అందులోనే అద్దె, బియ్యం, పిల్లల ఫీజులు, మందులు. ఆ కుటుంబం గడవడానికి మళ్లీ చేబదులుకో వడ్డీవ్యాపారి దగ్గరికో పోవాల్సిందే. పాత బాకీ తీర్చే పేరుతో కొత్త బాకీ పుట్టించే వసూలు ఎవరికి మేలు? ముట్టుకోకూడని ఆ మొదటి మొత్తాన్ని కనీస వేతనంతో ముడిపెట్టాలి, ధరలతోపాటు పెంచాలి.

అప్పటిదాకా ఉన్న హక్కునైనా వదులుకోకూడదు. ఈ మినహాయింపు వద్దని అప్పు కాగితాల మీద ముందే రాయించుకున్నా అది చెల్లదని 1976 సవరణ తేల్చింది. పరువు పోతుందని డిక్రీ అమలు కోసం వచ్చే ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) నోటీసును దాచేయకండి. కోర్టుకు వెళ్లి జీతం లెక్క చూపించండి, హద్దు దాటిన కోతకు అభ్యంతరం వేయండి. బాకీ ఉండటం నేరం కాదు. ఇంటి ఖర్చుకు చట్టం విడిచిపెట్టిన డబ్బును అడగడం అసలే నేరం కాదు.