వంత పాడిందెవరు?

1916 ఫిబ్రవరి 12న బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో ఒక పత్రిక పుట్టింది. ఫిరంగి దెబ్బలకు కూలిపోయిన ఆ ఊళ్లో, దిక్కులేకుండా పడివున్న అచ్చుయంత్రం బ్రిటిషు సైన్యంలోని షేర్‌వుడ్ ఫారెస్టర్స్ 12వ పటాలం కంటపడింది. సైన్యంలో చేరకముందు అచ్చుపని తెలిసిన సార్జంటు ఒకాయన దాన్ని బాగుచేశాడు. కెప్టెన్ ఫ్రెడ్ రాబర్ట్స్ సంపాదకుడు, లెఫ్టినెంట్ జాక్ పియర్సన్ ఉపసంపాదకుడు. పత్రిక పేరు వైపర్స్ టైమ్స్. పటాలం మకాం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ అది 1918 డిసెంబరు దాకా బతికింది. రాసినవాళ్లు చాలామంది పేరు పెట్టుకోలేదు, పెట్టుకుంటే మారుపేరే. పై అధికారిని ఎగతాళి చేసి కింద సొంత సంతకం పెట్టే వెర్రివాడు ఏ సైన్యంలో ఉంటాడు? ఆ మారుపేర్ల వెనక మనుషుల్ని ఇప్పుడు పట్టుకోవాలంటే పటాలం డైరీలు, మృతుల జాబితాలు, ఇళ్లకు వెళ్లిన ఉత్తరాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాల్సిందే.

అదే ఈప్ర్ దగ్గర 1914 అక్టోబరులో మన దేశపు సిపాయిలూ పోరాడారు. వాళ్లకు ఇలాంటి పత్రిక లేదు. 1909లో మొదలైన ఫౌజీ అఖ్బార్ ఉంది గాని, అది సర్కారు వాళ్ల కోసం నడిపిన పత్రిక. సిపాయి తన మాటగా చెప్పుకున్నది ఉత్తరాల్లోనే. చదువురానివాడు చెబుతుంటే పక్కవాడు రాసిపెట్టేవాడు. సెన్సారు కార్యాలయం అందులోంచి ముక్కలు ఏరి ఇంగ్లీషులోకి మార్చుకునేది. చెప్పినవాడొకడు, రాసినవాడొకడు, నేడు మనం చదివేది మూడోవాడి ఇంగ్లీషు.

నరసరావుపేటలో కూర్చుని ఈ సంగతులన్నీ ఎందుకంటే, మన గడ్డ మీద జరిగిన యుద్ధానికీ ఇదే చిక్కు ఉంది. పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాలు కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున కొట్టుకున్నాయి. ఆ కథను 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు అచ్చువేయించారు. కర్తగా శ్రీనాథుడి పేరు నిలిచిపోయింది. శ్రీనాథుడి మీద మాకు పేచీ లేదు. కాని ఆ కథ పుట్టింది ఒక్కడి గంటంలోనే అనుకోవడానికి మా మనసు ఒప్పదు. వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామంలో, ఓరుగల్లులో ఒకామె పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతుంది. ఆ ధాటికి వింటున్న కుర్రాళ్లు పూనకం వచ్చినట్టు ఊగిపోతారు. క్రీడాభిరామం వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని మన పండితులు ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. ఆ పాడినామె ఎవరన్న దాని మీద మాత్రం అంత వేడి పుట్టలేదు.

ఈ కథను తరతరాలుగా పాడుతున్నవాళ్లు వీరవిద్యావంతులు, ఎక్కువమంది మాలలు. సంతకం లేనిచోట పాటే కొంత ఆచూకీ ఇస్తుంది. వైపర్స్ టైమ్స్‌లో బురద మీద, రమ్ము మీద, పై అధికారుల మీద చెణుకులు చూస్తే రాసినవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది. వీరుల కథలో మాచర్ల పక్షపు బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్న మాల కన్నమదాసు యుద్ధం నడిపే నాయకుల్లో ఒకడు. కులాల తేడా లేకుండా అందరూ కలిసి కూర్చుని తిన్న చాపకూడు, ఈనాటికీ కారెంపూడి ఉత్సవంలో భాగం. పాడేవాళ్లకు సొంతమైన చోట పాట ఎక్కువసేపు ఆగుతుందని మా నమ్మకం. ఇది రుజువేమీ కాదు. బ్రహ్మనాయుడి వైష్ణవం వల్లే ఆ ఘట్టాలకు అంత బలం వచ్చిందని వాదించేవాళ్లూ ఉండొచ్చు. ఇంకొకటి కూడా చూడాలి. పాట మాచర్ల వైపు నిలబడి పాడుతుంది, నాయకురాలు నాగమ్మ అందులో ఎదుటి పక్షం. కందకంలో పుట్టిన పత్రికా అంతే, ఒక్క వైపు నుంచే చూస్తుంది. గాయకుల ఊళ్లు, వంశాలు, గురువులు తెలిస్తే ఈ మొగ్గు ఎక్కడ మొదలైందో, ఎవరి నోట బలపడిందో వెతకడానికి దారి దొరుకుతుంది.

ఆ పని కొంత జరిగింది, అదీ బయటివాడి చేత. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోగేర్ ఇక్కడ గాయకుల దగ్గర కూర్చుని విన్న కథను ఇంగ్లీషులోకి మార్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి అచ్చువేయించాడు. పాడినవాడు అలిసెట్టి గాలెయ్య అని ఆ పుస్తకంలో ఉంది. ఉమాకాంతం గారి అచ్చుకూ దీనికీ మధ్య డెబ్బై ఒక్క ఏళ్లు. అయితే గాలెయ్య వెనక వంత పాడినవాళ్లు, పంబ వాయించినవాళ్లు, అతనికి కథ నేర్పినవాళ్లు మన ఊళ్లలో ఎందరికి తెలుసు?

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో రాచగావుతో మొదలై రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు దాకా అయిదు రోజులు జనం కిటకిటలాడతారు. ఈమధ్య ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను. ఎవరో పాడతారు, ఎవరో తీస్తారు, రాత్రికల్లా ఆ పాట ఊళ్లు దాటుతుంది. కింద తీసినవాడి పేరు కనిపిస్తుంది, పాడినవాడి పేరు కనిపించదు. ఒకప్పుడు కాగితం లేక పోయిన పేర్లు ఇప్పుడు అన్నీ ఉండి పోతున్నాయి. ఇది మాకు మింగుడుపడడం లేదు.

అందుకని గురజాల, మాచర్ల, కారెంపూడి వైపు పాఠకులకు ఒక పని అప్పగిస్తున్నాం. ఈ కార్తీకంలో పాట తీసేటప్పుడు గాయకుణ్ణి అడిగి, ఆయన ఒప్పుకుంటే, నాలుగు సంగతులు రాసుకోండి: పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఘట్టం పాడారు. వంతలవాళ్లనూ వాయిద్యగాళ్లనూ వదలకండి. ఇంటి ఆడవాళ్లకు పాట వచ్చునేమో తప్పకుండా అడగండి. వచ్చినవి వచ్చినట్టు పుష్య మాసం సంచికలో వేస్తాం.