మూడు కాళ్ల కుందేళ్లు

1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతి హెచ్. నరసింహయ్య పుట్టపర్తి సత్యసాయిబాబాకు ఒక ఉత్తరం రాశారు. మీరు శూన్యంలోంచి విభూతి, ఉంగరాలు తీసి ఇస్తారని ఎంతోమంది నమ్ముతున్నారు, పరీక్షకు వీలైన పద్ధతిలో మా పరిశీలక సంఘం ఎదుట ఒకసారి చేసి చూపండి అన్నది దాని సారాంశం. జవాబు రాలేదు. రెండోది రాశారు, మూడోదీ రాశారు. అన్నింటికీ మౌనమే. సంగతి పత్రికలకెక్కింది, వాదోపవాదాలు చెలరేగాయి.

దాదాపు యాభై ఏళ్లనాటి ఆ ఉత్తరాలను ఇప్పుడు తలుచుకోవడం అద్భుతాలు నిజమా కాదా తేల్చడానికి కాదు. ఒక నమ్మకం ఎంత బిగుసుకుపోయిందో తెలుసుకోవాలంటే అది ఏం చెబుతోందో వింటే చాలదు. దాన్ని మర్యాదగా ఒక ప్రశ్న అడిగితే ఏం జరుగుతుందో చూడాలి. ఆ పరీక్ష ఎలా పెట్టాలో నరసింహయ్య చేసి చూపించారు.

ఆయన 1920లో గౌరీబిదనూరు తాలూకా హొసూరులో పుట్టారు. మన హిందూపురం పక్కనే, కన్నడమూ తెలుగూ కలిసి వినిపించే సీమ అది. పేదింటి పిల్లవాడు. హైస్కూలు చదువు కోసం కాలినడకన బెంగళూరు చేరాడని చెబుతారు. క్విట్ ఇండియా ఉద్యమంలో దిగారు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అణుభౌతిక శాస్త్రంలో డాక్టరేటు చేసి వచ్చి, బసవనగుడి నేషనల్ కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించారు. పెళ్లి చేసుకోలేదు, బతుకంతా హాస్టలు గదిలోనే గడిపారు. ఖద్దరు పంచె, జుబ్బా, నెత్తిన గాంధీ టోపీ. సీమచదువు తలకెక్కి ఇలా మాట్లాడుతున్నాడని కొట్టిపారేయడానికి వీలివ్వని మనిషి. ఆయన ప్రశ్న భక్తులను అంతగా ఇబ్బంది పెట్టడానికి అదీ ఒక కారణమై ఉంటుంది.

ఉత్తరాలు రాసిన 1976లోనే ఆయన సంఘం మండ్య జిల్లా పాండవపురలో ఒక చిన్నపిల్లవాణ్ని పరిశీలించింది. వాడి ఒంటి నుంచి విభూతి రాలుతోందని జనం విరగబడి వస్తున్నారు. దగ్గరగా చూసేసరికి విభూతి వాడు తొడుక్కున్న బట్టల్లోనే దాచి ఉందని తేలింది. ఇక్కడ తప్పు పసివాడిది కాదు. చొక్కా విప్పి చూద్దామన్న ఆలోచన అంతమంది పెద్దవాళ్లలో ఎవరికీ రాకపోవడం, వచ్చినా పైకి అనలేకపోవడం, అసలు సంగతి అదీ.

బాబా వైపు వాదన ఒకటుంది. విజ్ఞానశాస్త్రం ఇంద్రియాలకు అందినంత మేరే, ఆధ్యాత్మికం దాన్ని దాటినది అని. కావచ్చు. కానీ ఉంగరం వేలికి తొడుక్కునేదే, విభూతి నాలుకకు తగిలేదే. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. అనంతపురం జిల్లా పల్లెలకు తాగునీరు అందించిందీ, 2001లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో పైసా తీసుకోని పెద్దాసుపత్రి తెరిచిందీ బాబా సంస్థే. ఆ నీళ్లు తాగినవాళ్ల కృతజ్ఞత నూటికి నూరుపాళ్లూ నిజం. ఆ కృతజ్ఞతను చూపించి ప్రశ్నను పక్కకు నెట్టడమే సరికాదు.

మరో విచిత్రం. శాస్త్రీయ దృక్పథాన్నీ జిజ్ఞాసనూ పెంచుకోవడం పౌరుల విధి అని చెప్పే 51ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది కూడా 1976 నాటి 42వ సవరణతోనే. అది ఎమర్జెన్సీ కాలం. పాలకులను ప్రశ్నించినవాళ్లు జైళ్లలో ఉండగా, ప్రశ్నించడం మీ బాధ్యత అని పార్లమెంటు చట్టం చేసింది! కాగితం మీది విధులతో మనసులు తెరుచుకోవు. ఎంగిలి విస్తళ్ల మీద పొర్లే మడె స్నానాన్ని కర్ణాటక 2017 చట్టం ఆపగలదేమో గాని, అడిగినవాణ్ని శత్రువుగా చూసే అలవాటును ఏ చట్టమూ ఆపలేదు.

ప్రశ్నకు తలుపు తీసిన నమ్మకం ఎలా ఉంటుందో చూడాలంటే మన గోరాను తలుచుకోవాలి. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్న గోపరాజు రామచంద్రరావు, అంతకు ముందే 1930లో, దేవుడంటే మీ ఉద్దేశమేమిటని గాంధీకి ఉత్తరం రాశారు. పొడిగా ఒక జవాబు వచ్చింది. 1941లో మళ్లీ రాశారు. ఈసారీ పెద్దగా ప్రోత్సాహం లేదు, కానీ జవాబైతే వచ్చింది. 1944లో సేవాగ్రామ్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. గోరా తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి చేయాలనుకుంటే, ఆశ్రమంలో జరిపిద్దామని గాంధీ ఒప్పుకున్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి మాట ఉన్నచోట సత్యమన్న మాట పెట్టడానికీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. గాంధీ నాస్తికుడు కాలేదు, గోరా ఆస్తికుడు కాలేదు. రామనామం విడవని మనిషి భక్తి ఇసుమంతైనా తగ్గలేదు. గట్టి నమ్మకమూ మొండి నమ్మకమూ ఒకటి కావని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తిరుగుబాటుగా పుట్టినదీ బిగుసుకుపోగలదు. పాల్కురికి సోమనాథుడు సంస్కృత మర్యాదలను పక్కనపెట్టి దేశి ద్విపదలో బసవపురాణం రాశాడు. శివభక్తుల్లో కులం ఎంచవద్దన్నాడు. ఆ ధైర్యానికి తెలుగూ కన్నడమూ రెండూ రుణపడ్డాయి. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకెళ్లాడు. అయితే అదే పురాణంలో శివభక్తుడు కానివాడు భవి, వాడి పొత్తు పనికిరాదు. ఒక గోడ పడగొట్టిన చేతులే ఇంకో గోడ కట్టాయి. ఆ గోడ మన కాలం దాకా నిలిచింది. ఆ పురాణానికి నాయకుడైన బసవన్న కుటుంబ చరిత్ర మీద 'మార్గ' గ్రంథంలో రాసిన పరిశోధన వ్యాసాలను, 1989లో ఒత్తిళ్లకు తలవంచి కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2015 ఆగస్టు 30న ధార్వాడలో ఆయన్ను ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. 2017 సెప్టెంబరు 5న బెంగళూరు రాజరాజేశ్వరి నగర్‌లో పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను ఆమె ఇంటి ముందే చంపారు. ఉత్తరానికి మౌనం పాటించడం ఒక కొస అయితే, అడిగిన మనిషినే లేకుండా చేయడం రెండో కొస. రెండూ ఒకటేనని అనడం అన్యాయం. కానీ మొదటిదాన్ని భక్తి పేరుతో మెచ్చుకునే సమాజం రెండోదాన్ని నిలదీసే బలం పోగొట్టుకుంటుంది.

ఇక మన సాహిత్యం వాటా. ఇతరుల పట్టుదల మనకు ఛాందసం, పిడివాదం, మూఢనమ్మకం. మనదైతే నిష్ఠ, నిబద్ధత, సిద్ధాంతబలం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టినప్పటి నుంచి ప్రతి తరమూ ఒక కొత్త చూపు తెచ్చింది. అవి లేకుంటే తెలుగు కథా కవితా ఇంత దూరం వచ్చేవి కావు. కానీ ప్రతి శిబిరంలోనూ ఒక దశ వస్తుంది. కథ బాగుందా అని అడగడం మాని, రాసినవాడు మనవాడా అని అడిగే దశ. అప్పుడు విమర్శకుడు విచారణాధికారి అవుతాడు, ప్రశ్నించిన పాఠకుడు ద్రోహి అవుతాడు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లని తేల్చేశాక, నాలుగో కాలు చూపించినవాడి మీద కోపం రాక ఏమొస్తుంది? హేతువాద సంఘాలూ ఇందుకు మినహాయింపు కావు. భక్తుణ్ని వెక్కిరించడమే హేతువాదమనుకునే కుర్రవాళ్లు, నరసింహయ్య ఆ ఉత్తరాల్లో వెక్కిరింతకు దిగలేదని, చేసి చూపమని మాత్రమే కోరారని గుర్తుంచుకోవాలి.

ఒక పత్రిక చేయగలిగింది పెద్దగా లేదు, ఒక్కటి తప్ప. మేం అచ్చు వేసిన వ్యాసాన్నో, ఈ పేజీనో ఖండిస్తూ ఉత్తరం వస్తే, అది మర్యాద దాటనంతవరకు తర్వాతి సంచికలోనే వేస్తాం, జవాబూ ఇస్తాం. జవాబు మా దగ్గర లేకపోతే లేదనే రాస్తాం. రాసినవారు ఏ శిబిరమని మాత్రం అడగం.