ఆ ఇరవై ఎనిమిది రోజులు ఎవరివి?

మార్కాపురం మెడికల్ కాలేజీ మీద నడుస్తున్న రభసలో నాకు ఇంతవరకూ వినపడని మాట ఒకటుంది: నర్సు. సర్కారే నడపాలని ఒకరు, ప్రైవేటు భాగస్వామ్యంతో (పీపీపీ) అయితేనే త్వరగా పూర్తవుతుందని ఇంకొకరు. కోటి సంతకాలు, ఎదురు ప్రకటనలు, సగంలో ఆగిన గోడల ముందు ఫొటోలు. చర్చంతా ఎంబీబీఎస్ సీట్ల చుట్టూనే. ఆ సీట్లలో చదివిన పిల్లలు రేపు రాచర్లలోనో అర్ధవీడులోనో కాపురం పెడతారని నమ్మేవాళ్లెవరైనా ఉంటే చేయెత్తండి.

నర్సులకూ క్లినికల్ డాక్టరేట్ ఉండాలి, అమెరికాలో డీఎన్‌పీ అంటారే ఆ చదువు, అని ఎవరైనా అంటే మాత్రం వెంటనే నవ్వొస్తుంది. ‘నర్సుకు డాక్టరేటా, మరి ఇంజెక్షన్ ఎవరు వేస్తారు?’ అని. మరికొందరు నవ్వరు, ఉబ్బిపోతారు. విదేశాలకు పనికొచ్చే డిగ్రీ, కార్పొరేట్ ఆసుపత్రులు ఎగరేసుకుపోతాయి అంటారు. రెండు రకాల వాళ్లూ గిద్దలూరు బస్సెక్కినట్టు లేరు. నా మాట ముందే చెప్పేస్తాను. ఆ చదువు మనకు కావాలి, అందరికంటే ముందు మార్కాపురం, గిద్దలూరు ఉన్న ఈ పశ్చిమ ప్రకాశానికి కావాలి. అయితే దానికి ముందు మందు రాసే అధికారం, కూర్చోడానికో పోస్టు రావాలి. అవి లేని డాక్టరేట్ ఇంట్లో గోడకు తగిలించుకునే పటం.

దీనికి ఒక్క లెక్క చాలు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలుపెడుతూ ప్రభుత్వమే గొప్పగా చెప్పుకుంది: 104 వాహనంతో పాటు డాక్టరు ప్రతి పల్లెకూ నెలకు రెండుసార్లు వస్తారని. సంతోషం. ముప్పైలోంచి రెండు తీసేస్తే ఎంత? ఇరవై ఎనిమిది. ఆదివారాలు, పండగలు మినహాయించుకోండి, ఆ నిష్పత్తి పెద్దగా మారదు. రాష్ట్రంలోని 10,032 విలేజ్ క్లినిక్‌లలో ఆ మిగతా రోజులన్నీ వైద్యం చూసేది బీఎస్సీ నర్సింగ్ చదివిన మనిషి. కాగితాల్లో ఆమెను ఒకప్పుడు ఎంఎల్‌హెచ్‌పీ అన్నారు, ఇప్పుడు సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అంటున్నారు. పల్లెలో డాక్టరమ్మే.

కంభం దాటి లోపలికి వెళ్తే ఒక పల్లెలో ఆ క్లినిక్ చూశాను. బల్ల మీద బీపీ మిషన్, పక్కన ట్యాబ్, వెనక బీరువాలో మందుల డబ్బాలు. గొర్రెలు కాసే పెద్దాయన తల తిరుగుతోందని వచ్చాడు.

‘గోలీలు వేసుకుంటున్నావా తాతా?’

‘ఏసుకుంటాండా తల్లీ. డాక్టరొచ్చే దినం దాకా ఓర్చుకుందామనుకుంటి.’

బీపీ 170 మీద ఉంది. వాడుతున్న బిళ్ల ఐదు మిల్లీగ్రాములది, అది చాలడం లేదని ఆమెకు తెలుసు. కానీ మోతాదు మార్చకూడదు. డాక్టరు ఒకసారి రాసిన మందును కొనసాగించడం వరకే ఆమె పని. ట్యాబ్‌లో డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని తెరిచింది. చక్రం తిరుగుతూనే ఉంది. పెద్దాయన చేతికర్ర ఆనించుకుని గోడకు చేరగిలబడ్డాడు, బయట గొర్రెలు అరుస్తున్నాయి. నేనున్న అరగంటలో లైన్ కలవలేదు. ఆ రోజు ఇరవై ఎనిమిదింటిలో ఒకటి.

ఈ ప్రాంతానికి దూరం కొత్త కాదు. 1970 దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. తర్వాత ప్రకాశం జిల్లాలో, ఒంగోలు కిందికి వచ్చాయి. గిద్దలూరు నుంచి ఒంగోలు వంద కిలోమీటర్ల పైమాటే. ఇప్పుడు మార్కాపురమే జిల్లా అయింది, కలెక్టరేట్ దగ్గరకొచ్చింది. నల్లమల లోపలి పాలుట్ల చెంచుగూడేనికి డాక్టరు దగ్గరకొచ్చాడా?

మరి నర్సు పైకి చదువుకోవాలంటే మన దగ్గర ఉన్న దారి ఏమిటి? ఎంఎస్సీ చేస్తే నర్సింగ్ కాలేజీలో లెక్చరర్. పీహెచ్‌డీ చేస్తే ప్రొఫెసర్, ప్రిన్సిపాల్. అంటే ఎంత చదివితే రోగి మంచానికి అంత దూరం. సర్కారు ఆసుపత్రిలోనే ఉండిపోతే స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, సూపరింటెండెంట్, మెట్లు అంతే. అవీ ఎక్కువగా సీనియారిటీతో ఎక్కేవే. దాదాపు పదేళ్ల కిందట భారతీయ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల రెసిడెన్సీ పీజీ తెచ్చింది. మంచి చదువు. అది చదివినవాళ్లకు మన సర్కారు ఆసుపత్రుల్లో ప్రత్యేకంగా కుర్చీ ఏదీ? 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కు పరిమిత లైసెన్సు అన్నారు. డాక్టర్ల సంఘాలు రోడ్డెక్కాయి, ఆ సెక్షన్ పుస్తకంలోనే పడుకుంది.

అమెరికాను చూపించేవాళ్లకూ ఒక మాట. అక్కడ 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు, డాక్టరు అందని పిల్లల కోసం. ప్రాక్టీషనర్లంతా డాక్టరేట్ చేయాలని నర్సింగ్ కాలేజీల సంఘం అన్నది 2004లో, గడువు 2015. ఆ గడువు దాటిపోయింది, అది వేరే కథ. వరస చూడండి: ముందు పని, తర్వాత అధికారం, దాదాపు నలభై ఏళ్లకు డాక్టరేట్. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్ సొంతంగా మందు రాస్తుంది. మన దగ్గర బీఎస్సీ చదివి అటు వెళ్లి ఆ చదువు పూర్తిచేసిన తెలుగమ్మాయి అక్కడ బీపీ మందు మోతాదు మారుస్తుంది. సెలవులకు సొంతూరొస్తే తండ్రికి కూడా మార్చడానికి మన చట్టం ఒప్పుకోదు.

రోగి భద్రత మాటేమిటని డాక్టర్లు అడుగుతారు. అడగాల్సిందే. 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి పత్రికలోనే ఒక అధ్యయనం వచ్చింది. న్యూయార్క్‌లో 1,316 మంది రోగులను కొందరిని డాక్టర్లకు, కొందరిని నర్స్ ప్రాక్టీషనర్లకు అప్పగించారు. ఆరు నెలల తర్వాత ఆరోగ్యంలో తేడా కనపడలేదు. బీపీ ఉన్నవాళ్లలో కింది అంకె నర్సుల దగ్గరే కాస్త తక్కువ, 85కు బదులు 82. అది న్యూయార్క్, ఇది నల్లమల, ఒప్పుకుంటాను. అయితే ఇక్కడ నర్సుకు పోటీ ఎవరు? రానే రాని ఎండీ కాదు, వీధి చివర ఆర్‌ఎంపీ. నాలుగేళ్లు చదివిన నర్సు ఐదును పది చేస్తే ప్రమాదమట. ఏమీ చదవని మనిషి ఒళ్లునొప్పులకు సెలైన్‌లో స్టెరాయిడ్ కలిపి ఎక్కిస్తుంటే ఈ డాక్టర్ల సంఘాలు ఎన్నిసార్లు రోడ్డెక్కాయి?

2025లో సీహెచ్‌ఓలు సమ్మె చేసినప్పుడు క్లినిక్‌ల తలుపులు మూతపడ్డాయి. అప్పుడైనా తెలియాలి కదా, ఇరవై ఎనిమిది రోజులు నడిపిస్తున్నదెవరో. వాళ్లను క్రమబద్ధీకరించడానికి డబ్బు లేదంటారు, పైచదువు అంటే అవసరమేముందంటారు, మందు రాయనివ్వమంటే భద్రత అంటారు. అంతలోనే ట్యాబ్‌లో ఇంకో యాప్ వేయిస్తారు.

డాక్టరేట్ పెడితే విజయవాడ ఏసీ తరగతుల్లో పెట్టకండి. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు క్లినిక్‌లే దాని వార్డులు కావాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మోకాళ్లు, పల్లెల్లో కిడ్నీ జబ్బులు, గూడెంలో నెలలు నిండిన చెంచు గర్భిణి, వీటి మీద పనిచేసి, ఫలితం చూపించినవాళ్లకే పట్టా. అంతకంటే ముందు, రేపే తీయదగ్గ జీవో ఒకటుంది: బీపీకి, షుగరుకు మోతాదు మార్చే అధికారం, రాతపూర్వక ప్రోటోకాల్‌తో. దానికి మెడికల్ కాలేజీ గోడలు లేవనక్కర్లేదు, టెండర్లు తెరవనక్కర్లేదు.

కంభం అవతలి ఆ క్లినిక్‌లో గోడ మీద 104 వచ్చే తేదీలు రాసి ఉన్నాయి, రెండే రెండు. నేను వెళ్లేసరికి మొదటిది అయిపోయింది. రెండోది పదకొండు రోజుల తర్వాత. పెద్దాయన ఆ తేదీ అడిగి తెలుసుకుని, పాత బిళ్లలే కండువా కొసన ముడివేసుకుని గొర్రెల వెంట వెళ్లిపోయాడు.