దుబాయి పోయి వచ్చావా? ఏం చూశావు?

పిల్లలూ!

వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిన మొదటి వారంలో మీ తరగతిలో కూడా ఈ మాట వినిపించే ఉంటుంది: "మేం దుబాయి పోయి వచ్చినం." మా మహమ్మద్ నగర్‌లోనూ, బాన్సువాడ చుట్టుపట్ల ఊళ్ళలోనూ ఇది వింత మాట కాదు. ఏ వాడకు వెళ్ళినా గల్ఫ్ దేశాలలో పనిచేసే మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. ఆ ఇళ్ళ పిల్లలలో కొద్దిమందికి మాత్రం సెలవుల్లో నాన్న దగ్గరికి వెళ్ళి వారం పది రోజులు గడిపే అవకాశం దొరుకుతుంది. వాళ్ళు తిరిగి వచ్చిన రోజున తక్కిన పిల్లలంతా చుట్టూ మూగుతారు. మూగినవాళ్ళు అడిగేది ఒకటే: "ఏం తెచ్చినవ్?"

ఈ ప్రశ్న నాకు నచ్చదు. "ఏం చూశావు?" అని అడిగేవాళ్ళు ఎందుకు ఉండరు?

ఒక జూన్ నెలలో మా బడికి అలా వెళ్ళి వచ్చిన అన్నాచెల్లెళ్ళు ఇద్దరు వచ్చారు. అన్న తొమ్మిదో తరగతి, చెల్లెలు ఆరో తరగతి. వాళ్ళ నాన్న అక్కడ ఒక కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగి. నేను ఇద్దరినీ తరగతి ముందు నిలబెట్టి చూసినవి చెప్పమన్నాను. అన్న గడగడా చెప్పాడు: బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు, అంతస్తులు 163, ప్రపంచంలో దానంత ఎత్తయిన కట్టడం ఇంకొకటి లేదు. అన్నీ నిజాలే. అయితే ఈ అంకెలు చెప్పడానికి దుబాయి దాకా పోవాలా? బాన్సువాడలో కూర్చుని ఏ పుస్తకం తిప్పినా దొరుకుతాయి కదా! ఎడారికి కూడా వెళ్ళారట. అదెలా ఉందిరా అంటే "సూపర్ ఉంది సార్" అని ఊరుకున్నాడు.

చెల్లెలు మాత్రం కాసేపు ఆలోచించి, "ఎడారికి పోంగనే డ్రైవర్ దిగి నాలుగు టైర్ల గాలి తీసేసిండు సార్. పంక్చర్ ఎందుకు చేస్తున్నడో అని నాకు భయమైంది" అన్నది.

చూశారా! యాత్ర మొత్తంలో నేను వినగోరిన మాట ఇదే. గాలి నింపుకుని బయలుదేరడం మనకు తెలుసు. గాలి తీసేసి బయలుదేరడం ఏమిటి? ఇసుకలోకి దిగేముందు ఆ డ్రైవర్లు టైర్లలో గాలి పీడనాన్ని దాదాపు సగానికి తగ్గిస్తారు. అప్పుడు టైరు కొంచెం అణిగి, నేలకు ఆనే భాగం వెడల్పవుతుంది. బండి బరువు మారదు. కాని అదే బరువు ఎక్కువ వైశాల్యం మీద పరచుకోవడం వల్ల ఇసుక మీద పడే పీడనం తగ్గుతుంది, చక్రం కూరుకుపోదు. ఒంటె పాదం వెడల్పుగా, మెత్తగా ఉండడానికి కారణమూ అదే. ఇంత దూరం ఎందుకు? మన పొలాల్లో కరిగెట చేసేటప్పుడు ట్రాక్టరుకు వెడల్పాటి ఇనుప చక్రాలు తగిలిస్తారు, మీరు ఏటా చూస్తూనే ఉంటారు. ఎడారిలో ఇసుక, మన మడిలో బురద, లెక్క ఒకటే. ఈ సంగతి ఆ పిల్లకు తెలియదు. కాని తెలియని దానిని చూసి ఆగింది, భయపడింది, గుర్తు పెట్టుకుంది. విజ్ఞానశాస్త్రంలో సగం పని అక్కడే అయిపోతుంది.

ఆమె ఇంకా చెప్పింది. సాయంత్రం చెప్పులు విడిచి ఇసుకలో నిలబడితే పైన చుర్రుమన్నదట. పాదంతో తవ్వి లోపలికి దూరిస్తే చల్లగా ఉన్నదట. ఇసుక రేణువుల నడుమ గాలి నిండి ఉంటుంది. గాలి వేడిని సరిగా సాగనివ్వదు. అందుకే ఎండ వేడి పై పొరలోనే నిలిచిపోతుంది, జానెడు లోతుకు కూడా దిగడం కష్టం. పొద్దు గుంకాక ఆ పై పొరలోని వేడి మబ్బులేని పొడి ఆకాశంలోకి త్వరగా పోతుంది కనుక ఎడారి రాత్రి చల్లబడుతుంది.

ఇసుక దిబ్బ ఎక్కబోతే రెండడుగులు వేస్తే ఒక అడుగు కిందికి జారిందట. ఒక పక్క నుంచి మాత్రం సులువుగానే ఎక్కారట. గాలి వీచే వైపు దిబ్బ నిదానంగా లేస్తుంది. రెండో వైపున, గాలి మోసుకొచ్చిన ఇసుక శిఖరం దాటి జారిపడుతుంది. పొడి ఇసుక సుమారు 34 డిగ్రీల ఏటవాలు వరకే నిలుస్తుంది. అంతకు మించితే జారిపోతుంది. దీనిని విరామకోణం అంటారు. ఆ పిల్ల అక్కడ దిబ్బ మీద జారుతున్న రోజుల్లోనే ఇక్కడ మన యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్పలు పోసి ఉంటాయి. పైనుంచి ఎన్ని గంపలు పోసినా కుప్ప వెడల్పవుతుందే గాని ఏటవాలు మారదు. వడ్లకు వడ్ల కోణం, ఇసుకకు ఇసుక కోణం. కోణమానిని తీసుకుపోయి కొలిచి చూడండి, రైతు ఏమీ అనడు. కుప్ప తొక్కితే మాత్రం ఊరుకోడు!

ఆ యాత్రను వాళ్ళు టిక్కెట్టు కాగితం మీద ఉన్న పేరుతో "సాహసయాత్ర" అన్నారు. ఈ మాట మీద నాకు చిన్న పేచీ ఉంది. బెల్టు కట్టుకుని చల్లని బండిలో కూర్చున్న మనం చేసే సాహసం ఏముంది? సాహసం ఏదైనా ఉంటే అది ఆ డ్రైవరుదే. మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు ఆడపిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఆ మాటను అలాంటి పనికి దాచిపెడదాం. ఇది కుటుంబ విహారం. విహారమైనా తప్పేమీ లేదు. నాన్నతో వారం రోజులు ఉండడమే ఆ పిల్లలకు పెద్ద పండుగ.

చివరగా ఆమె చెప్పిన సంగతి ఇంకా బాగుంది. ఒక రాత్రి షాపులోంచి బయటికి అడుగు పెట్టగానే వాళ్ళ నాన్న కళ్ళద్దాలు తెల్లగా మసకబారాయట. మన దగ్గర చలికాలపు మంచులో నోటి ఆవిరి చూస్తాం. మండు వేసవిలో అద్దాలకు తేమ పట్టడం ఏమిటి? దుబాయి వెనుక ఎడారి ఉన్నా ముందు సముద్రం ఉంది. సముద్రం మీది గాలి నిండా నీటి ఆవిరి. ఏసీ గదిలో చల్లబడిన అద్దాన్ని ఆ గాలి తాకగానే ఆవిరి నీరయింది. చల్లని నీళ్ళు పోసిన గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే.

ఇక్కడిదాకా తరగతి అంతా నవ్వుతూ వింటూ ఉంది. అప్పుడు వెనుక వరుసలో ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. వాళ్ళ నాన్న కూడా దుబాయిలోనే ఉంటాడు, కట్టడాల పని. మూడేళ్ళుగా ఇంటికి రాలేదు. వాడు ఆ అమ్మాయిని అడిగాడు: "పగటి పూట బయట పని చేసేటోళ్ళకు నీడ ఉంటదా?"

ఆ పిల్ల జవాబు చెప్పలేకపోయింది. పగటి పూట వాళ్ళు గదిలోనే ఉన్నారు.

పిల్లలూ, ఆ రోజు తరగతిలో వచ్చిన ప్రశ్నలన్నిటిలో ఇదే గొప్పదని నా అభిప్రాయం. అద్దాల మీది తేమకూ దీనికీ దగ్గర సంబంధం ఉంది. మన ఒళ్ళు చల్లబడేది చెమట కారడం వల్ల కాదు, చెమట ఆరడం వల్ల. ఆరుతున్న చెమట ఒంటి వేడిని తీసుకుపోతుంది. గాలిలో ముందే ఆవిరి నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది అంతే. అందుచేత 40 డిగ్రీల పొడి ఎండ కంటే అదే 40 డిగ్రీల తేమ ఎండ మనిషికి ఎక్కువ ప్రమాదం. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి, లోపలి వేడి పెరిగిపోతే వడదెబ్బ తగులుతుంది. ఇది తెలుసు కనుకనే ఆ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో ఆరుబయట పని చేయించకూడదని నియమం పెట్టారు. ఈ సంగతి చెబితే ఆ పిల్లవాడు తేదీలు నోటుబుక్కులో రాసుకున్నాడు. తర్వాత మెల్లగా, "మరి మే నెలల సార్?" అన్నాడు. ఆ నియమం మే నెలకు లేదు.

తరగతిలో ఇద్దరి నాన్నలూ ఒకే నగరంలో ఉంటారు. ఒకరి పిల్లలు వెళ్ళి వస్తారు, మరొకరి పిల్లవాడు ఫోనులో ముఖం చూస్తాడు. కుటుంబాన్ని అక్కడ నివాసం ఉంచుకోవాలంటే నెల జీతం కనీసం 4,000 దిర్హములు, లేదా 3,000 దిర్హములతో పాటు ఇల్లు ఉండాలని అక్కడి నియమం. కట్టడం కూలీకి అంత జీతం ఎక్కడిది? కొద్ది రోజుల కోసం రప్పించుకోవాలన్నా విమానం ఖర్చు, బస ఖర్చు భరించాలి. కాబట్టి "మీ నాన్న నిన్నెందుకు తీసుకుపోలేదు?" అని తోటి పిల్లలను ఎవరూ అడగవద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను.

అలాగని వెళ్ళి వచ్చిన పిల్లలు నోరు మూసుకుని ఉండాలని నేను అనను. వాళ్ళు చెప్పాలి, ఎక్కువగా చెప్పాలి. కొన్న బొమ్మ ఒక్కరికే చెందుతుంది. చూసిన విషయం తరగతి అందరిదీ అవుతుంది. ఆ చూసినది కూడా ఆ రోజు రాత్రే ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటేనే నిలుస్తుంది. ఫోటోలో ఇసుక రంగు ఉంటుంది, అడుగున చల్లదనం ఉండదు. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎంత అని రాయాలి. "చాలా బాగుంది" అనే మాట మాత్రం ఆ పుస్తకంలో రాయకండి. బయలుదేరే ముందు తోటి పిల్లల దగ్గర ప్రశ్నలు తీసుకుని వెళితే ఇంకా మంచిది. నీడ గురించిన ఆ ప్రశ్న వెళ్ళకముందే అమ్మాయి చేతిలో ఉండి ఉంటే, ఒక మధ్యాహ్నం ఐదు నిమిషాలు గది బయటికి వచ్చి చూసేది.

ఇక వెళ్ళలేని పిల్లల సంగతి. మీకు ఒక పని అప్పగిస్తాను. దీనికి ఊళ్ళో ఉన్న పిల్లవాడు ఒకడు, దుబాయిలో ఉన్న నాన్న ఒకరు కావాలి.

మన మహమ్మద్ నగర్ సుమారు 18.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 12 ప్రాంతంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణంలో నీడే ఉండదు. జూలై చివర మళ్ళీ అలా వస్తాడు కాని అప్పుడు మబ్బులు అడ్డం. దుబాయి 25.2 డిగ్రీల మీద, అంటే కర్కటరేఖకు పైన ఉంది. అక్కడ సూర్యుడు ఏ రోజూ నడినెత్తికి రాడు, ఎంత ఎండ కాసినా కర్రకు కొంచెం నీడ మిగిలే ఉంటుంది. నీడలేని మధ్యాహ్నాన్ని చూడాలంటే దుబాయి వాళ్ళే మన ఊరికి రావాలి!

ఇప్పుడు లెక్క. మీటరు పొడవున్న కర్రను మీరు ఇక్కడ నిలువుగా పాతండి. అదే రోజు అంతే కర్రను నాన్నను అక్కడ నిలబెట్టమనండి. 12కు దగ్గరగా ఆయనకు సెలవు ఉన్న రోజు చూసుకోండి. మన గడియారం కంటే దుబాయి గడియారం గంటన్నర వెనుక నడుస్తుంది కదా. అయినా చిత్రంగా రెండు చోట్లా ఎవరి గడియారం ప్రకారం వాళ్ళకు సుమారు 12.15కే నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుంది. 12.05 నుంచి 12.25 దాకా నిమిషం నిమిషం కొలిచి పొట్టి నీడను రాసుకోవాలి. మనకు నీడ లేని రోజున అక్కడ దాదాపు 12 సెంటీమీటర్ల నీడ పడుతుంది. కర్రనూ నీడనూ కాగితం మీద కొలతకు గీసి త్రిభుజం పూర్తి చేస్తే పైకోణం ఏడు డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. రెండు అక్షాంశాల నడుమ ఉత్తర దక్షిణాలుగా దూరం సుమారు 775 కిలోమీటర్లు. ఏడు డిగ్రీలకు 775 అయితే 360 డిగ్రీలకు ఎంత? ఎవరు చేసినా భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. రెండువేల రెండువందల ఏళ్ళకు పైగా కిందట ఈజిప్టులో ఎరటోస్తనీసు ఇలాగే రెండు ఊళ్ళ నీడలతో భూమిని కొలిచాడు. ఆయనకు వచ్చిన కోణం కూడా ఏడు డిగ్రీల చిల్లరే.

సెలవు సరిగ్గా 12నాడు దొరకకపోతే దిగులు లేదు, మనకూ కొద్దిపాటి నీడ పడుతుంది అంతే. 12కు ముందైతే రెండు నీడలూ ఉత్తరానికే పడతాయి. అప్పుడు వాళ్ళ కోణంలోంచి మన కోణం తీసివేయాలి. 12 దాటితే మన నీడ దక్షిణానికి తిరుగుతుంది. అప్పుడు రెండూ కలపాలి. కర్ర నిలువుగా ఉందో లేదో చూడడానికి మేస్త్రీలు వాడే తూకపు గుండు కావాలి. అది ఆ పిల్లవాడి నాన్న దగ్గర ఎటూ ఉంటుంది.